వెచ్చని అరుగు

ఫొటోలో ఆ మనిషి మొహం కనపడదు. నీలం దుప్పటి కింద ముడుచుకుని పడుకున్న ఆకారం, దుప్పటి అంచు దాటి బయటికొచ్చిన ఉన్ని మేజోళ్ళు, అంతే. పైన చూరు మాత్రం బ్రహ్మాండంగా పడింది. దేవదారు వాసాలు ఒకదాని పక్కన ఒకటి నీడలు పరుచుకుంటూ వెళ్ళి గాజుగోడ దగ్గర ఆగాయి. ఆ చూరు గీసింది తనే కాబట్టి సుప్రజ కళ్ళు ముందు అక్కడికే వెళ్ళాయి. మేజోళ్ళని తర్వాత చూసింది.

“నిన్న ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టారు. కింద రాసింది చదవండి,” అంది కారిన్. ఆమె మ్యూజియం డైరెక్టరు.

‘మన ఊళ్ళో కొత్త హోటల్ తెరిచారు. అద్దె లేదు, పరుపు కింద హీటర్ కూడా ఉంది.’

గ్రెగ్ నవ్వాడు. కారిన్ నవ్వడం లేదని చూసి గొంతు సవరించుకున్నాడు. గ్రెగ్ సుప్రజకి బాసు. ఒంటారియోలోని ఈ లండన్ ఊళ్ళో చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతున్నాడు. డౌన్‌టౌన్‌లో జపాన్ కళల మ్యూజియం కట్టే పని దొరకడం ఆ ఆఫీసుకి ఎన్నడూ రాని అదృష్టం. అది తెరిచి ఇంకా మొదటి చలికాలమే.

గ్రెగ్ వేసిన మొదటి స్కెచ్‌లో అదొక కాంక్రీటు పెట్టె, దానికో గాజుగోడ. జపాన్ ఇళ్ళలో గదికీ తోటకీ మధ్యన, చూరు కింద, చెక్కపలకలతో ఒక వసారా ఉంటుంది. దాన్ని ఎన్‌గావా అంటారు. ఇంటి లోపలా కాదు, బయటా కాదు. కాంక్రీటు పెట్టెకి వీధి పొడవునా ఆ ఎన్‌గావా వేద్దామని పట్టుబట్టింది సుప్రజ. “మా వైపు దీన్ని అరుగు అంటాం. దారిన పోయేవాళ్ళ కోసం ఇంటివాళ్ళు కట్టించేది,” అని కమిటీ ముందు చెప్పింది. ఆ మాట వాళ్ళకి ఎంత నచ్చిందంటే, మ్యూజియం బ్రోషర్‌లో మొదటి పేజీలోనే వేశారు, గ్రెగ్ పేరుతో.

కెనడా చలికి ఆ పలకల మీద మంచు పేరుకుపోతుందని, కింద వేడినీళ్ళ గొట్టాలు వేయించిందీ సుప్రజే. బయట ఎంత మంచు కురిసినా ఆ చెక్క మీద అరచెయ్యి ఆనిస్తే, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళిన చోటులా గోరువెచ్చగా ఉంటుంది.

“శుక్రవారం ఆర్కిటెక్చర్ అవార్డు జ్యూరీ వస్తోంది. ఈలోపు అక్కడ ఎవరూ పడుకోకుండా ఏదైనా పెట్టాలి,” అంది కారిన్.

“అది జనం వాడుకోడానికే కదా కట్టాం,” అంది సుప్రజ.

“కూర్చోవద్దని ఎవరూ అనడం లేదు.”

“పోనీ, రాత్రిపూట హీటింగ్ తగ్గిస్తే?”

“ఐస్ కడుతుంది. ఎవరైనా జారిపడితే మా మీదికి వస్తుంది.”

గ్రెగ్ ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. బస్‌స్టాప్ బెంచీల మీద ఎవరూ పడుకోకుండా అడ్డంగా బిగించే స్టీలు కమ్మీల బొమ్మలున్నాయి అందులో. “ఇవి రెడీగా దొరుకుతాయి. రెండ్రోజుల్లో బిగించేస్తారు.”

నిగనిగలాడే స్టీలు కమ్మీలు తన దేవదారు పలకల్లోకి బోల్టులతో దిగడం సుప్రజకి కళ్ళకి కట్టింది. “అవి వద్దు,” అంది గభాలున.

“అయితే నువ్వే ఏదో ఒకటి గియ్యి. జపనీస్‌గా ఉండాలి. మొదటినుంచీ అక్కడే ఉన్నట్టుండాలి,” అన్నాడు గ్రెగ్. అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు.

*

మర్నాడు తెల్లవారుతూనే కొలతలు తీసుకోడానికి వెళ్ళింది. వీధిదీపాలు ఇంకా ఆరలేదు. మంచు తోసే బండి ఎక్కడో గరగరమంటోంది. మ్యూజియం తలుపు దగ్గర సెక్యూరిటీ విశ్వనాథం గారు చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. కరీంనగర్‌లో జూనియర్ లెక్చరర్‌గా చేసి, టొరంటో పక్కన స్కార్‌బరోలో కూతురి దగ్గరికి వచ్చి, అక్కడ పని దొరక్క ఇంత దూరం వచ్చినాయన. బిల్డింగు తెరిచిన రోజు సుప్రజ నోట తెలుగు విని దగ్గరికి వచ్చి పలకరించాడు.

“ఇంత పొద్దున్నే వచ్చినవేందమ్మా?”

“కొలతలు తీసుకోవాలండీ.” అరుగు చివరికి చూసింది. నీలం దుప్పటి. “ఆవిడేనా?”

“ఆమెనే. లోరెయిన్ అంటరు. పడుకున్నోళ్ళను లేపాలని నాకు రూలు. ఐదింటికి లేపుత. అంతకు ముందైతే నా కండ్లకు కనపడదు.” ఆయన నవ్వలేదు. “ఇయ్యాల లేపిన. లేస్తున్నది.”

లోరెయిన్‌కి అరవై దాటి ఉంటాయి. లేచి దుప్పటి మడిచింది, అంచుకి అంచు కలిపి. అరుగు కిందున్న గులకరాళ్ళ మీద ఆమె బూట్లు రెండూ పక్కపక్కన, మడమలు అరుగువైపు పెట్టి ఉన్నాయి. తెరిచిన దగ్గరినుంచీ వందలమంది ఈ అరుగెక్కారు, ఉప్పూ బురదా అంటిన బూట్లతోనే ఎక్కారు. బూట్లు విప్పి ఎక్కిన మనిషిని సుప్రజ చూడటం ఇదే.

“బూట్లు విప్పారే?” అనడిగింది ఇంగ్లీషులో.

“చెక్క పాడైపోదూ?” అంది లోరెయిన్, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. సుప్రజ చేతిలో టేపు చూసింది. “రిపేరా?”

“కాదు. కొలుస్తున్నాను. దీన్ని గీసింది నేనే.”

“కింద వేడి పెట్టింది నువ్వేనా?”

“అవును.”

లోరెయిన్ ఆమెని పైకీ కిందికీ చూసింది. “నీ కడుపు చల్లగుండాలి,” అనే అర్థం వచ్చేలా ఏదో అంది. అని, చెయ్యి చాపింది. “ఇటివ్వు. ఒక్కదానివే ఎలా పట్టుకుంటావ్?”

వద్దనేలోపే టేపు కొస అందుకుని స్తంభం దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో నొక్కి పట్టుకుంది. గోళ్ళు చలికి నీలంగా ఉన్నాయి. “ఇక్కడేనా?”

“ఇంకొంచెం లోపలికి.”

“ఇప్పుడో?”

“ఆఁ, సరిగ్గా ఉంది.”

అలా స్తంభం నుంచి స్తంభానికి ఇద్దరూ జరుగుతూ వెళ్ళారు. సుప్రజ అంకె రాసుకునేదాకా లోరెయిన్ వేలు కదపలేదు. విశ్వనాథం గారు కాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

“ఏం పెడుతున్నారు?”

“కొన్ని చెక్కలు కలుపుతున్నాం.”

“మంచిది. కాస్త వెడల్పు చెయ్యండి. నిద్దట్లో దొర్లితే కిందపడుతున్నాను.” లోరెయిన్ నవ్వింది. పక్కపన్ను ఒకటి లేదు.

స్నానానికి వీలుండే షెల్టరు తెరిచే వేళయిందని బూట్లు తొడుక్కుని వెళ్ళింది. దుప్పటి తర్వాత తీసుకుంటానని స్తంభం వెనక పెట్టి వెళ్ళింది. ఒక మనిషి ముడుచుకుని పడుకుంటే ఎంత చోటు పడుతుందో సుప్రజకి తెలియాలి. పెట్టబోయే అడ్డాల మధ్య అంతకన్నా తక్కువ ఎడం ఉండాలి. అటూ ఇటూ చూసింది. దుప్పటి విప్పి, పలక మీద పరిచి, మధ్యలో నలిగి మెత్తబడిన భాగం ఎంతుందో కొలిచింది. మళ్ళీ మడిచింది. లోరెయిన్ మడిచినంత చక్కగా రాలేదు.

*

“నువ్వు కాకపోతే ఆ స్టీలువే పెడతారు. దానికన్నా నువ్వు చెయ్యడమే నయం కదా,” అన్నాడు భర్త శ్రీరామ్ ఆ సాయంత్రం, కుక్కర్ మూత తీస్తూ. అతని ఉద్యోగం దసరా ముందు పోయింది. ఇంట్లో వంట అప్పటినుంచీ అతనిదే, అప్లికేషన్లు పెట్టుకోవడం మధ్యమధ్యలో.

“ఓకాబే గారితో మాట్లాడదామనుకుంటున్నా.”

గరిటె ఆగింది. “గ్రెగ్‌కి తెలియకుండానా?”

“ఆయన డబ్బుతో కట్టిన బిల్డింగు. ఆయన ఒక్క మాట వద్దంటే కారిన్ మారు మాట్లాడదు. ఎన్‌గావా అంటే ఏంటో ఆయనకి తెలిసినంత వీళ్ళెవరికి తెలుసు?”

“సుప్రజా, ఇప్పుడు నీ ఉద్యోగం ఒక్కటే...” అని మొదలెట్టి, కూతురు భవిత హోమ్‌వర్క్ నుంచి తలెత్తి చూడటంతో ఆపేశాడు. “సరే, జాగ్రత్తగా మాట్లాడు.”

మర్నాడు పొద్దున వెళ్ళింది. ఓకాబే గారి ఇల్లు ఊరి చివర పాత ఇటుక బంగళా. అంత మ్యూజియానికి డబ్బిచ్చిన మనిషి ఇల్లంటే ఎవరూ నమ్మరు. గ్రీన్‌హౌసుల్లో టమాటాలు పండించి సంపాదించాడు. ఎనభై ఆరేళ్ళకి నడుం వంగింది కానీ, తెల్లచొక్కా పైబొత్తం దాకా పెట్టుకుని ఉన్నాడు. మెట్ల మీద మంచు, అంచుల దాకా ఊడ్చి ఉంది. టీ బ్యాగులు వేసిన మగ్గులు రెండు తనే తెచ్చి పెట్టాడు.

సుప్రజ తను అనుకున్నదంతా చెప్పింది. ఎన్‌గావా అంటే అడ్డం లేని చోటని, అడ్డం పెడితే అది ఎన్‌గావా కాదని, ఒక ముసలావిడ అక్కడ తలదాచుకుంటోందని, జ్యూరీ కోసం ఆమెని వెళ్ళగొట్టడం అన్యాయమని. “మీకు తెలిస్తే ఒప్పుకోరని వచ్చాను,” అంది చివర.

ఆయన టీ బ్యాగుని చెంచాకి ఆనించి మెల్లగా పిండాడు. దాన్ని సాసర్‌లో పెట్టి చెంచా దాని పక్కనే తిన్నగా సర్దాడు.

“పెట్టించమన్నది నేనే,” అన్నాడు.

సుప్రజ ఎత్తబోయిన మగ్గుని మళ్ళీ కింద పెట్టింది.

“నాకు నాలుగేళ్ళప్పుడు ఈ దేశంలోని జపాన్ వాళ్ళందరితోపాటు మమ్మల్నీ కొండల్లో క్యాంపుకి పంపారు. జపాన్‌తో యుద్ధం. మా నాన్న పడవ, ఇల్లు అమ్మేసుకున్నారు ప్రభుత్వం వాళ్ళు. క్యాంపులో మా ఇంటికి తారు కాగితం గోడలు. ఎన్‌గావా ఎక్కడుంది? నేను జపాన్ ఇల్లు ఎప్పుడూ చూడలేదు. మీ డ్రాయింగులోనే మొదట చూశాను.” ఆయన గొంతులో ఆవేశమేమీ లేదు. “యుద్ధం అయ్యాక ఇటు తోలారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు లేరు. దొరికిన ఇంట్లో మా అమ్మ పొద్దున లేవగానే ముందు వీధి మెట్లు తోమేది. లోపల పని ఏదైనా ఆ తర్వాతే. మమ్మల్ని ఆ మెట్ల మీద కూర్చోనిచ్చేది కాదు. ఎవరైనా చూస్తే, ఈ జనం ఇంతేలే, వీధిలో పడుంటారు అంటారని.”

“కానీ ఆవిడ మీ మనిషి కాదు కదండీ. ఆవిడని చూసి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.”

“ఆ ఫొటో కింద రాసింది చదివారా?”

“చదివాను.”

“మా అమ్మ పేరుంది ఆ మ్యూజియం గోడ మీద,” అన్నాడాయన. చెంచా ఇంకోసారి సర్ది, “ఆ మనిషికి షెల్టరులో చోటు ఇప్పించమని డబ్బు పంపాను. అక్కడ ఉండదట. నేనేం చెయ్యను?” అన్నాడు. ఆ చివరి మాట మాత్రం కొంచెం గట్టిగా వచ్చింది.

సుప్రజ టీ తాగేసింది. తలుపుదాకా వచ్చి ఆయన వంగి నమస్కరించాడు. ఆమె మెట్లు దిగి కారు ఎక్కేదాకా అలాగే నిలబడ్డాడు.

*

మధ్యాహ్నం ఆఫీసులో మొదట స్టీలు కమ్మీలనే డ్రాయింగులో అతికించి చూసింది. ఏదో జైలు కటకటాలు తెచ్చి నేలమీద పడేసినట్టుంది. చెరిపేసింది. కమ్మీ బదులు చెక్కపలక నిలబెట్టి చూసింది, రైల్లో బెర్తుల మధ్య అడ్డంలా ఉంది. అదీ చెరిపింది.

అప్పుడు గాజుగోడ వెనకున్న తెర గుర్తొచ్చింది. లోపలి గ్యాలరీలో ఎండ పడకుండా సన్నని దేవదారు ఊచలతో అల్లిన తెర అది. ఆ ఊచల వరసనే గోడలోంచి బయటికి లాగి, మోచెయ్యి ఎత్తున అరుగు మీదికి దించితే? ప్రతి వాసం కింద ఒక చిన్న జాలీ. పైన వాసం నీడ, కింద ఊచల నీడ ఒకే గీతలో పడతాయి. గీసింది. ఊచ మందం తగ్గించింది. పైకొస కొంచెం గుండ్రం చేసింది, చెయ్యి ఆనితే గుచ్చుకోకుండా. బోల్టులు కనపడకుండా ఊచలని పలకల సందుల్లోకి దింపింది. పలకకి ఒక్క చిల్లు పెట్టక్కర్లేదు.

ఎప్పుడు చీకటి పడిందో తెలియలేదు. లంచ్ బాక్సు విప్పనేలేదు. చాలా కాలం తర్వాత చెయ్యి తనంతట తాను నడిచింది. అరుగు ఇప్పటిదాకా ఏదో వెలితిగా ఉండేదనీ, ఆ వెలితి ఇప్పుడు నిండిందనీ అనిపించింది. ఎడం సరిచూసుకోడానికి నిన్న పొద్దున రాసుకున్న కొలత తీసింది. అది చూశాక గానీ, తను గీస్తున్నది దేనికోసమో గుర్తు రాలేదు. కొద్దిసేపు మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచింది. ఎడం ఇంకో అంగుళం తగ్గితే ఊచల లెక్క వాసాల లెక్కతో కలుస్తుంది. తగ్గించింది.

వెనక గ్రెగ్ ఎంతసేపటినుంచి నిలబడ్డాడో. “మై గాడ్, సుప్రజా,” అన్నాడు మెల్లగా. “ఇది లేకుండా ఇన్నాళ్ళూ ఎలా ఉన్నాం?”

*

వడ్రంగులతో రాత్రంతా పనిచేయించి గురువారం సాయంత్రానికల్లా బిగించేశారు. శుక్రవారం జ్యూరీ కన్నా ముందే సుప్రజ అక్కడికి చేరింది. మబ్బు పట్టిన పగలు. గ్రెగ్, కారిన్ లోపల కాఫీలు సర్దిస్తున్నారు. అరుగు మీద జాలీలు బారుగా నిలబడి ఉన్నాయి. ఆమె అనుకున్న దానికన్నా బాగున్నాయి.

విశ్వనాథం గారు రాత్రి డ్యూటీ చేసి, జ్యూరీ వస్తోందని ఇవాళ పగలు కూడా డ్యూటీలో ఉన్నాడు. ఆమెని చూసి వెంటనే పలకరించలేదు. తనే దగ్గరికెళ్ళింది.

“ఆవిడ వచ్చిందా?”

“వచ్చిందమ్మా, నిన్న రాత్రి. అటు చివరికెళ్ళి ఇటు చివరిదాక చూసుకుంట వచ్చింది, ఎక్కడన్న జాగ ఉన్నదేమోనని. ఒకదాంట్ల కాళ్ళు ముడుచుకొని పండబోయింది, పట్టలేదు. కూసుంది. కూసున్నకాడనే తల వాల్చింది, మెడ నిలవలేదు. ఒక గంట అట్లనే ఉండి, లేచి నది దిక్కు పోయింది.”

“మీరు ఏమీ...”

“నేనేం జేస్తనమ్మా? ఇదివరకైతే నా కండ్లకు కనపడకపోతుండె. ఇప్పుడు కెమెరా కూడ పెట్టిన్రు.” ఆయన టోపీ సర్దుకున్నాడు. ఆ తర్వాత, ఆమె వైపు చూడకుండా, “పనైతే మంచిగ జేసినవ్,” అన్నాడు.

అది పొగడ్తో ఏమిటో సుప్రజకి తెలియలేదు. ఆయన మొహంలో వెతికింది. ఏమీ దొరకలేదు.

జ్యూరీ ఇద్దరే. మాంట్రియాల్ నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు, వయసులో చిన్నవాడైన ప్రొఫెసరు ఒకరు. ఓకాబే గారు చేతికర్రతో వాళ్ళ వెనకే వచ్చాడు. గ్యాలరీలన్నీ తిరిగి చివరికి అరుగు మీదికొచ్చారు. పెద్దావిడ చూరుని చూసింది, గాజుగోడని చూసింది. జాలీల దగ్గర ఆగిపోయింది.

“ఇదీ నేను వెతుకుతున్నది,” అంది పక్కాయనతో. “జపాన్ చెక్కపనిని ముక్క తెచ్చి అతికించలేదు. దాని క్రమశిక్షణ తెచ్చారు. వీధిలో పోయే మనిషికి కూడా ఒక చిన్న గది. ఎంత మర్యాద! ఎవరిదీ ఆలోచన?”

గ్రెగ్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. “సుప్రజది. పూర్తిగా ఆమెదే. మొదటి గీతనుంచి చివరిదాకా.”

ఇన్నేళ్ళలో ఆయన నోటివెంట ఆ మాట రావడం అదే మొదలు. అరుగప్పుడు రాలేదు, చూరప్పుడు రాలేదు. అందరూ ఆమె వైపు తిరిగారు. కారిన్ కూడా నవ్వింది.

“ఇది గది కాదండీ,” అంది సుప్రజ.

పెద్దావిడ ఇంకా నవ్వుమొహంతోనే ఉంది.

“ఇక్కడ రాత్రిళ్ళు ఒకావిడ పడుకునేది. కింద వెచ్చగా ఉంటుందని. ఆవిడ పడుకోకూడదని ఇది పెట్టాం. ఇంకేమీ లేదు. ముడుచుకున్నా పట్టకుండా ఎడం పెట్టాను. ఆవిడ దుప్పటి పరిచి కొలిచాను. నిన్న రాత్రి వచ్చి చూసుకుని వెళ్ళిపోయింది. బయట మైనస్ పద్దెనిమిది.”

గ్రెగ్ మెడ మీదికి ఎరుపు పాకింది. కారిన్ తన చేతిలోని కాగితాల అంచులు సరిచేసింది. శ్రీరామ్ మొహం కళ్ళముందు మెదిలింది సుప్రజకి. పోతే పోనీ అనుకుంది. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా అందింది.

పెద్దావిడ గ్లవ్ విప్పింది. ఒక ఊచ పైకొస మీద వేలు పెట్టి, ఆ గుండ్రాన్ని నెమ్మదిగా తడిమింది.

“అన్ని ఊళ్ళలోనూ ఇదే బాధ,” అంది. “ఎక్కడ చూసినా ఇనుప ముళ్ళు కొడుతున్నారు. చూడలేం. మీరు అదే పని ఎవరినీ నొప్పించకుండా చేశారు. నేను కనిపెట్టనే లేదు చూడండి! పైగా దాచకుండా చెప్పారు. ఇంత నిజాయితీ మా వృత్తిలో ఎక్కడుంది?” అని పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

“బస్ షెల్టర్లకి కూడా పనికొస్తుందేమో ఈ పద్ధతి?” అన్నాడు ప్రొఫెసరు, వంగి పలకల సందులోకి చూస్తూ.

“తప్పకుండా,” అన్నాడు గ్రెగ్. బిగబట్టిన ఊపిరి వదలడం అందరికీ వినపడింది.

పెద్దావిడ చెయ్యి చాపింది. సుప్రజ ఆ చెయ్యి అందుకుంది. “థాంక్యూ” అన్న మాట తన ప్రమేయం లేకుండానే నోట్లోంచి బయటికొచ్చింది.

వాళ్ళు లోపలికి వెళ్ళారు. ఓకాబే గారు వెళ్ళలేదు. కర్ర ఆనించి, రెండు జాలీల మధ్య మెల్లగా కూర్చున్నాడు. ఆ చోటు ఆయనకి సరిగ్గా సరిపోయింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వీధివైపు చూశాడు. కాసేపయ్యాక ఒక అరచెయ్యి చెక్క మీద ఆనించాడు.

“నిజంగానే వెచ్చగా ఉంది,” అన్నాడు.

లోపలినుంచి గ్రెగ్ పిలుస్తుంటే సుప్రజ తలుపువైపు నడిచింది.

*

ఆమె ఇంటికి చేరేలోపే గ్రెగ్ ఆఫీసు మొత్తానికి మెయిల్ పెట్టాడు. జాలీల పక్కన ఆమె, పెద్దావిడ చేతులు కలిపిన ఫొటో, కింద ఆమె పూర్తి పేరు. ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశాడు. శ్రీరామ్ దాన్ని ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కమలకుమారి ఆంటీ అప్పుడే దండాలూ పువ్వులూ కురిపించింది. బస్ షెల్టర్ల సంగతి మాట్లాడటానికి సోమవారం సిటీవాళ్ళు వస్తున్నారని గ్రెగ్ మెసేజ్ వేరే ఉంది.

“నిజం చెప్పేశావా? వాళ్ళ మొహం మీదే?” అన్నాడు శ్రీరామ్ బెదిరిపోయి. “మరి ఏమన్నారు?”

“ఇంకా బాగుందన్నారు.”

అతను ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, కంచాలు తెచ్చాడు. పప్పు వేడిగా ఉంది. సుప్రజ కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. భవిత నాన్న ఫోన్ లాక్కుని, ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. అమ్మని దాటించి, పెద్దావిడని దాటించి, ఊచల దగ్గర ఆపింది.

“సో ప్రెటీ! బట్ వాట్ ఆర్ దే ఫర్, మామ్?”

సుప్రజ కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయింది. భవిత మళ్ళీ అడిగింది.

“అందానికి,” అంది.